మే ఎండలో ‘ఆల్ సీజన్’ టైరు: రోజూ నడిచే సెడాన్‌కి టైర్లు, అల్లాయ్‌లు ఎంచుకునే లెక్క

క్లుప్తంగా

రోజూ నడిచే సెడాన్‌కి ముందు టైరు తేల్చుకోవాలె, రిమ్ సంగతి ఆ తర్వాత. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు రోడ్లకి కంపెనీ ఇచ్చిన సైజు, లేదంటే దానికంటే ఒక్క ఇంచి పెద్దది సరిపోతది, అంతకు మించి పోతే టైరు అంచు (రిమ్‌కి రోడ్డుకి నడుమ ఉండే పక్క గోడ) ఎత్తు తగ్గి గుంతల దెబ్బంత రిమ్ మీదనే పడతది. ‘ఆల్ సీజన్’ అనే మాట మంచు పడే దేశాలది, ఇక్కడ చూడాల్సింది వేడి తట్టుకునే గుణం, తడి రోడ్డు మీద పట్టు. రిమ్‌ల డిజైన్ కంటే ముందు పీసీడీ, సెంటర్ బోర్, ఆఫ్‌సెట్, లోడ్ చూడాలె, ఇవేందో కింద ఉంది.

ఇప్పుడే ఎందుకు ఈ చర్చ

2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను లేకుండా 5,000 రూపాయలున్న టైరు అంతకుముందు 6,400 పడేది, ఇప్పుడు 5,900 పడతది, నాలుగింటికి కలిపి 2,000 మిగులుతయి. ఆ మిగిలిన పైసలకి ఇంకొన్ని కలిపి అల్లాయ్‌లు (ఇనుముకి బదులు అల్యూమినియం మిశ్రమంతోని చేసిన రిమ్‌లు) కూడా వేపిస్తే అయిపోతది కదా అనే ఆలోచన చానామందికి అక్కడనే మొదలైతది. నల్లగొండల గానీ, మహబూబ్‌నగర్‌ల గానీ టైర్ షాపుకి పోతే గోడకి పదహారు, పదిహేడు ఇంచుల రిమ్‌లు వేలాడుతుంటయి, "అన్నా, ఆల్ సీజన్ టైరు, పదిహేడు ఇంచుల అల్లాయ్, పాతవి ఎక్స్‌ఛేంజ్" అని ప్యాకేజీ చెప్తరు. బండికి ఏది సరిపోతది, ఏది సరిపోదు అనేది ఆ ప్యాకేజీల ఉండదు, కొనేటోళ్లు కూడా ఎక్కువగ ఫొటో చూసే ఒప్పుకుంటరు.

సమస్య ఏందంటే టైరు, రిమ్ రెండూ సస్పెన్షన్‌ల భాగాలు. సీటు కవర్ మార్చినట్టు మార్చేటివి కావు.

‘ఆల్ సీజన్’ అంటే ఏ సీజన్లు

అమెరికా, యూరప్ లాంటి చోట్ల టైర్లని మోటుగ మూడు రకాలు చేస్తరు: సమ్మర్, వింటర్, ఆల్ సీజన్. దీనికి మూలం రబ్బరు గుణం. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి పోతే గట్టిపడి పట్టు పోతది, వింటర్ టైరు ఆ చలిల కూడా మెత్తగనే ఉంటది గని ఎండకి తొందరగ అరుగుతది. రెండు సెట్లు కొని ఏడాదికి రెండుసార్లు మార్చుడు ఖర్చు అని నడిమధ్యల తయారైంది ఆల్ సీజన్ టైరు. కొంచెం చలి, కొంచెం ఎండ, పల్చటి మంచు అన్నిట్ల పని చేస్తది, దేంట్లనూ అన్నిటికంటే ముందుండదు. దాని అంచు మీద ఉండే ‘ఎం ప్లస్ ఎస్’ గుర్తుకి అర్థం బురద, మంచు అని.

ఇక్కడికొస్తే లెక్క మారుతది. నల్లగొండల జనవరి రాత్రి కూడా ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందికి పోవుడు చానా అరుదు, మే నెల పగలు 44, 45 డిగ్రీలు మాత్రం మామూలే, ఆ ఎండల తారు రోడ్డు వేడి 60 దాటుతది. అంటే మంచు కోసం ఆ టైర్ల చేసిన సర్దుబాట్లు, అంటే మెత్తటి రబ్బరు, బటన్ల (రోడ్డుకి ఆనే రబ్బరు ముక్కల) మీద సన్నటి కోతలు, ఇక్కడ సగం పనికి రావు. పూర్తిగ దండుగ అని కూడా కాదు, ఎందుకంటే ఆ సన్నటి కోతలు వానల నీళ్ల పొరని చీల్చి రోడ్డుని పట్టుకునేందుకు పనికొస్తయి. గని అదే కోతల వల్ల బటన్ కొంచెం ఊగుతది, ఊగిన కొద్దీ వేడెక్కుతది, వేడెక్కిన కొద్దీ అరుగుతది. ఇక్కడ సెడాన్లకి షాపుల దొరికే మామూలు టైర్లు చాలావరకు ఇక్కడి ఎండా వాన చూసి చేసినవే, వాటి మీద ‘ఆల్ సీజన్’ అని రాసి ఉన్నా లేకున్నా పెద్ద తేడా ఏం ఉండదు. బయటి దేశం నుంచి దిగిన టైరు మీద మంచు గుర్తు ఉంది అని ఎక్కువ పైసలు పెట్టాల్సిన అవసరం మాత్రం లేదు.

మరి దేన్ని చూడాలె? అమెరికా గ్రేడింగ్ ఉన్న టైరు అయితే అంచు మీద మూడు ముక్కలు రాసుంటయి: ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్. ట్రెడ్‌వేర్ అంటే అరుగుదల నంబరు, 300 ఉంటే ప్రమాణంగ పెట్టుకున్న 100 నంబరు టైరు కంటే మూడింతలు మన్నుతదని లెక్క, కాకపోతే ఈ నంబరు కంపెనీలు వాళ్లే వేసుకుంటరు కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకి తప్ప వేరే కంపెనీతోని పోల్చేందుకు పనికిరాదు. ట్రాక్షన్ అంటే తడి రోడ్డు మీద సీదా బ్రేక్ వేసినప్పుడు పట్టు, డబుల్ ఏ నుంచి సీ దాకా. టెంపరేచర్‌ల ఏ అంటే గంటకి 185 కిలోమీటర్ల పైన కూడా వేడికి తట్టుకుంటది, ఆ కింద బీ, సీ. ఈ ప్రాంతంల తిరిగే బండికి టెంపరేచర్ ఏ, ట్రాక్షన్ కనీసం ఏ ఉన్న టైరు తీసుకునుడు మంచిది, అరుగుదల నంబరు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక పీకులాట ఉంది. ఎక్కువ కిలోమీటర్లు వచ్చే టైరు, మైలేజీ ఇచ్చే టైరు, వానల ఆగే టైరు, ఈ మూడూ ఒక్కదాంట్ల పూర్తిగ దొరకవు. రబ్బరు గట్టిగ ఉంటే మన్నుతది గని తడిల జారుతది, మెత్తగ ఉంటే పట్టుకుంటది గని తొందరగ అరుగుతది. రబ్బరుల సిలికా కలిపి కొంతవరకు దీన్ని సర్దుతున్నరు, అందుకే అట్లాంటి టైర్ల ధర కొంచెం ఎక్కువ. 2022 జూన్‌ల కేంద్ర రవాణా శాఖ టైర్లకి రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు పెట్టే అడ్డు), తడి పట్టు, చప్పుడు మీద కనీస ప్రమాణాలు పెట్టింది, 2022 అక్టోబర్ 1 నుంచి కొత్త డిజైన్లకి, 2023ల పాత డిజైన్లకి కూడా అవి అమలులకి వచ్చినయి. కాబట్టి పాత స్టాకు కంటే ఆ తర్వాత తయారైన టైరు తీసుకోవుడే మేలు.

అంచు మీది నంబర్లు, ఇంచుల లెక్క

185/65 ఆర్15 88హెచ్ అని ఉన్న టైరు చూద్దాం, ఈ సైజు చానా సెడాన్లకి వస్తది. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లల. 65 అంటే అంచు ఎత్తు ఆ వెడల్పుల 65 శాతం, అంటే 120 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ ఇంచులు. 88 అంటే ఒక్క టైరు మోసే బరువు 560 కిలోలు, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల దాకా. రిమ్ 381 మిల్లీమీటర్లు, దానికి పైన కింద రెండు అంచులు కలిపితే టైరు మొత్తం ఎత్తు 621.5.

రిమ్ పెద్దది చేసినా ఈ మొత్తం ఎత్తు మారొద్దు, స్పీడోమీటరు, ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకపోకుండ చూసేది), గేర్ల లెక్క అంత దాని మీదనే ఉంటది. పదహారు ఇంచులకి పోతే 195/55 ఆర్16 వేస్తరు, ఎత్తు 620.9, దాదాపు సమానమే, అంచు ఎత్తు మాత్రం 107కి తగ్గుతది. పదిహేడుకి పోతే 205/45 ఆర్17, మొత్తం ఎత్తు 616.3, ఇది కూడా ఒక్క శాతం లోపలనే తేడా, గని అంచు 92 మిల్లీమీటర్లే. మొత్తం ఎత్తు సరిపోయింది కదా అని షాపుల "పర్ఫెక్ట్ ఫిట్" అంటరు, నిజమే సరిపోయింది, పోయింది మాత్రం 28 మిల్లీమీటర్ల గాలి రబ్బరు మెత్త.

ఆ 28 మిల్లీమీటర్లు ఎక్కడ కనపడతయంటే రోడ్డు మీద. హైదరాబాద్ విజయవాడ హైవే 65 మీద, కర్నూలు దిక్కు పోయే 44 మీద పదిహేడు ఇంచులు హాయిగనే పోతయి, మలుపుల బండి గట్టిగ నిలబడ్డట్టు కూడా అనిపిస్తది. నార్కట్‌పల్లిల హైవే దిగి నల్లగొండ మీదుగ మిర్యాలగూడ పోయేటప్పుడు సంగతి వేరు, సిమెంటు, బియ్యం లోడుతోని పోయే లారీల కింద రోడ్డు అంచులు కుంగి ఉంటయి, ఊరు ఊరికి స్పీడ్ బ్రేకర్లు, వాటికి కొన్నిచోట్ల గీతలు కూడా ఉండవు. కోతల టైంల సాగర్ ఆయకట్టు ఊర్లల్ల రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తరు, కుప్ప చుట్టూ రాళ్లు పెడతరు, చీకట్ల ఎదురు బండి లైటు కొడితే ఆ రాయి కనపడదు. రేగడి నేలల మీద వేసిన రోడ్లు వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతయి కాబట్టి అలల లెక్క అయితయి, వాటి మీద టైరు ఎప్పుడూ ఎగిరి దిగుతనే ఉంటది.

గుంతల పడ్డప్పుడు జరిగేది ఇది. టైరు అంచు లోపలికి నొక్కుకుని దెబ్బని మింగాలె. మింగేంత ఎత్తు లేకపోతే రబ్బరు గుంత అంచుకి, రిమ్‌కి మధ్యల నలిగి లోపలి దారాలు తెగుతయి, రెండు రోజుల తర్వాత అక్కడ గుడ్డు లెక్క ఉబ్బు వస్తది. ఉబ్బు వచ్చిన టైరుని అతికించేందుకు లేదు, హైవే మీద ఎప్పుడు పేలుతదో తెల్వదు, తీసేయాల్సిందే. రిమ్‌కి తగిలితే ఇనుప డిస్కు వంగుతది, వంగినదాన్ని కొట్టి సరి చేస్తరు. పోత పోసిన అల్లాయ్ వంగే బదులు పగిలే అవకాశం ఎక్కువ, వెంట్రుక లాంటి పగులు నుంచి గాలి మెల్లగ దిగుతుంటే పంచర్ అనుకుని రెండు మూడుసార్లు తిరుగుతరు. పగిలిన అల్లాయ్‌కి వెల్డింగ్ పెట్టిచ్చి మళ్లీ వాడుడు అస్సలు చేయొద్దు, ఆ వేడికి చుట్టూ ఉన్న లోహం బలం తగ్గిపోతది.

వెడల్పు పెరుగుడు వల్ల ఇంకో నష్టం, అది వానల. టైరు ముందర నిలిచిన నీళ్లని బటన్ల మధ్య గాడుల నుంచి పక్కకి నెట్టాలె, వెడల్పు టైరుకి నెట్టాల్సిన నీళ్లు ఎక్కువ, అదే స్పీడుల అది ముందుగ నీళ్ల మీద తేలుతది. తేలినప్పుడు స్టీరింగ్ చేతుల్ల తేలికైపోయినట్టు అయితది, అప్పుడు బ్రేక్ తొక్కినా లాభం ఉండదు, యాక్సిలరేటర్ వదిలి సీదా పోనియ్యాలె. బటన్ లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా అరగనియ్యొచ్చు, గాడుల నడుమ ఉండే చిన్న దిమ్మెలు రబ్బరుతోని సమానమైతే ఆ హద్దుకి వచ్చినట్టు. నిజానికి 3 మిల్లీమీటర్ల కాడనే తడి బ్రేకింగ్ బాగా పడిపోతది, కాబట్టి మే నెలల 2 మిల్లీమీటర్లు ఉన్న టైరుని "ఇంకో ఆరు నెలలు నడుస్తది" అని జూన్ వానలల్ల నడిపిస్తే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. తొలకరి వాన మరీ అన్యాయం, ఎండాకాలమంత రోడ్డుకి పట్టిన ఆయిలు, దుమ్ము ఒక్కసారి తడిసి సబ్బు లెక్క అయితయి.

రిమ్ వెనక చూడాల్సిన నంబర్లు

పీసీడీ అంటే నట్ల బొక్కలు ఉన్న వృత్తం కొలత. డిజైర్, హోండా సిటీ లాంటివాటికి నాలుగు బొక్కలు, 100 మిల్లీమీటర్లు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాకి ఐదు బొక్కలు, 100. కొన్ని బండ్లకి 98 ఉంటది, కంటికి 98కి 100కి తేడా తెల్వదు, నట్టు బిగించి బలవంతంగ కూర్చోపెట్టొచ్చు కూడా, గని అట్ల బిగించిన నట్టు వంకరగ కూర్చుంటది, నడుస్తున్న కొద్దీ లూజైతది. రెండు పీసీడీలు సరిపోయేటట్టు ఎనిమిది బొక్కలు కొట్టిన రిమ్‌లు కూడా వస్తయి, వాటిల్ల ఏ నాలుగు బండివో చూసి బిగించాలె.

సెంటర్ బోర్ అంటే నడిమి పెద్ద బొక్క. డిజైర్ హబ్ (బండి దిక్కు రిమ్ కూర్చునే నడిమి దిమ్మె) 54.1 మిల్లీమీటర్లు, సిటీది 56.1, వర్టస్‌ది 57.1. బయట అమ్మే అల్లాయ్‌లు చానావరకు అన్ని బండ్లకి పట్టేటట్టు 67.1 లేదా 73.1 బోర్ చేస్తరు. మధ్యల ఖాళీ ఉంటే రిమ్ హబ్ మీద నిలబడదు, నట్ల మీదనే వేలాడుతది, 80 దాటంగనే స్టీరింగ్ వణుకుతది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఈ వణుకు పోకుంటే ముందు చూడాల్సింది ఇదే, ఖాళీని నింపే హబ్ రింగ్‌లు చవకనే దొరుకుతయి. ఫిట్టింగ్ నాడే అడిగి వేపించుకోవాలె, అడగకపోతే చానాచోట్ల వేయరు.

ఆఫ్‌సెట్, ఈటీ అని రాసుంటది. రిమ్ నడిమి గీతకి, హబ్‌కి ఆనే ముఖానికి మధ్య దూరం. ఉదాహరణకి 5.5జె (అంటే 5.5 ఇంచుల) వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ తీసి 7జె, ఈటీ 35 వేస్తే చక్రం బయటికి 29 మిల్లీమీటర్లు, లోపలికి 9 మిల్లీమీటర్లు జరుగుతది. బయటికి జరిగినందుకు చూసేందుకు నిండుగ ఉంటది, ఐదుగురు ఎక్కి వెనక రెండు బియ్యం బస్తాలు పడితే మాత్రం ఫెండర్‌కి రాసుకుంటది, బేరింగుల మీద బరువు పెరుగుతది, స్టీరింగ్ గుంతల దిక్కు లాగుతది. కంపెనీ ఈటీ నుంచి 5 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా లేకుండ చూసుకుంటే ఈ తలనొప్పులు ఉండవు.

నట్లు చిన్న విషయం అనిపిస్తయి, కావు. మారుతి నట్టు మర 12 బై 1.25 (12 మిల్లీమీటర్ల మందం, మర మరకి నడుమ 1.25), హోండా, హుందాయ్‌ది 12 బై 1.5, ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకి నట్లు కాదు 14 బై 1.5 బోల్టులు. హోండా ఒరిజినల్ నట్టు కింద గుండ్రంగ ఉంటది, బయటి అల్లాయ్‌ల బొక్కలు శంకువు లెక్క ఉంటయి, గుండ్రటి నట్టు అందుల పెడితే సన్నటి గీత మందం మీదనే ఆనుతది. బిగించేటప్పుడు గాలి గన్‌తోనే వదిలేయకుండ టార్క్ రెంచ్‌తోని (ఎంత బిగువో కొలిచే పానాతోని) బండి మాన్యువల్‌ల చెప్పినంత బిగించాలె, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినంక మళ్లీ ఒకసారి చూపియ్యాలె.

రిమ్ వెనక అది ఎన్ని కిలోలు మోస్తదో పోతల్నే అచ్చు ఉండాలె, జేడబ్ల్యూఎల్, వీఐఏ అనే జపాన్ గుర్తులు ఉంటే ఇంకా మంచిది, మొదటిది కంపెనీ సొంతంగ పరీక్ష చేసుకున్నట్టు, రెండోది బయటి సంస్థ కాడ నమోదైనట్టు. ఇక్కడ టైర్ల మీద ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి, రిమ్‌లకి కూడా 2020ల నాణ్యత ఉత్తర్వు వచ్చింది. లోడ్ నంబరు లేదు, కంపెనీ పేరు లేదు, పెద్ద బ్రాండ్ డిజైన్‌కి నకలు, ఇట్లాంటి రిమ్ ఎంత చవకైనా వద్దు.

గాలి లెక్క

ఎండాకాలం హైవే పక్కన పేలిన టైరు పీలికలు కనపడుతుంటయి. ఎండకి గాలి ఉబ్బి పేలింది అనుకుంటరు, అందుకే కొందరు మే నెలల 33 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) బదులు 28 పెట్టిస్తరు. జరిగేది దానికి ఉల్టా. పొద్దుగాల 33 పీఎస్‌ఐ ఉన్న టైరుల గాలి 30 డిగ్రీలు వేడెక్కితే ప్రెజర్ 5 పీఎస్‌ఐ దాకనే పెరుగుతది, మంచి టైరుకి అది లెక్కనే కాదు, కంపెనీ దాన్ని చూసుకునే టైరు చేస్తది. గాలి తక్కువున్నప్పుడే అంచు ప్రతి తిరుగుడుకి ఎక్కువ వంగుతది, ఇనుప తీగని అటు ఇటు వంచితే వేడెక్కినట్టు లోపల వేడెక్కుతది, 100 స్పీడుల గంట సేపు అట్ల నడిస్తే రబ్బరు, దారాలు విడిపోతయి.

కాబట్టి డ్రైవర్ డోర్ కాడ స్టిక్కర్ మీద ఉన్నంత గాలి పొద్దుగాల, బండి కనీసం మూడు గంటలు నిలబడ్డంక పెట్టించాలె. మధ్యాహ్నం వేడి మీద చూసి ఎక్కువుందని తీపియ్యొద్దు. నైట్రోజన్ మంచిదే, కొంచెం మెల్లగ దిగుతది, గని మామూలు గాలిల కూడా 78 శాతం నైట్రోజనే, పదిహేను రోజులకి ఒకసారి గాలి చెక్ చేయించే అలవాటుకి అది బదులు కాదు. సైజు మారిస్తే స్టిక్కర్ నంబరు అట్లనే పనిచేయదు, అంచు తగ్గిన టైరుకి అదే బరువు మోసేందుకు కొంచెం ఎక్కువ గాలి కావాలె, ఎంత అనేది టైరు కంపెనీ లోడ్ పట్టికల ఉంటది, షాపుల అది అడగాలె.

తయారైన డేటు కూడా అంచు మీదనే ఉంటది, నాలుగు అంకెలు. 2324 అంటే 2024 సంవత్సరం 23వ వారం. రేకుల గోదాంల రెండేండ్లు ఎండిన టైరు కొత్తదే అయినా ఏడాది లోపలిదానితోని సమానం కాదు.

కాగితాలు, స్టెప్నీ

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగ బండిని మార్చరాదు, 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే మోడల్ పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే సైజుకి మారితే ఇబ్బంది వచ్చే అవకాశం తక్కువ, ఫెండర్ బయటికి పొడుచుకొచ్చే చక్రం వేస్తే ఎక్కువ. అల్లాయ్‌లు బయట కొన్నవైతే ఇన్సూరెన్స్‌కి యాక్సెసరీ కింద చూపియ్యాలె, లేకుంటే అవి దొంగలు ఎత్తుకపోయినా, పగిలినా పైసలు రావు. వారంటీల ఉన్న బండి అయితే సస్పెన్షన్ క్లెయిమ్‌ల సైజు మార్పు అడ్డం రావచ్చు.

ఇగ ఎవ్వరూ అడగని సంగతి స్టెప్నీ. నాలుగు చక్రాలు పదహారు ఇంచుల అల్లాయ్‌లు అయినంక డిక్కీల మాత్రం పాత పదిహేను ఇంచుల ఇనుప డిస్కు ఉంటది. పైన చెప్పిన లెక్క ప్రకారం మొత్తం ఎత్తు దాదాపు సమానం ఉంటే అది పంచర్ షాపు దాకా నడుస్తది, ఎత్తు తేడా ఉంటే ముందు చక్రాలకి వేయొద్దు, డిఫరెన్షియల్ (రెండు చక్రాలు వేర్వేరు వేగంతోని తిరిగేటట్టు చూసే గేర్లు) ఊరికెనే తిరిగి వేడెక్కుతది. అల్లాయ్‌లకి వచ్చిన కొత్త నట్లు ఇనుప డిస్కుకి సరిగ్గ కూర్చోకపోవచ్చు, కాబట్టి పాత నట్లు ఒక సంచిల కట్టి స్టెప్నీతోనే ఉంచాలె. శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు దాటినంక అడవిల సెల్ సిగ్నల్ కూడా సరిగ్గ ఉండదు, అక్కడ టైరు దిగితే ఆ నాలుగు పాత నట్లే బండిని మళ్లీ రోడ్డెక్కిస్తయి.